యాశ్చిలాన్, బొనాంపాక్: మాయా శిలలను తీరికగా చూసి రావడం ఎలా

మెక్సికో వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది కాన్‌కున్ సముద్రతీరం, చిచెన్ ఇట్సా పిరమిడ్ చూసి తిరిగి వచ్చేస్తారు. ప్రాచీన మాయా నాగరికత శిల్పుల పనితనాన్ని రాతి మీద దగ్గరగా చూడాలనుకుంటే మాత్రం దక్షిణాన చియాపాస్ రాష్ట్రానికి, గ్వాటెమాలా సరిహద్దు దాకా వెళ్లాలి. అక్కడ ఉసుమసింతా నది గుర్రపునాడాలా వంపు తిరిగినచోట, అడవిలో యాశ్చిలాన్ అనే ప్రాచీన మాయా నగరం ఉంది. నేటికీ అక్కడికి రోడ్డు లేదు, పడవలోనే వెళ్లాలి. దానికి కొంత దూరంలో లకందోన్ అనే మాయా తెగ ప్రజల అడవిలో బొనాంపాక్ అనే మరో మాయా నగరం ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడండి, కానీ ఒకే రోజులో వద్దు. పలెంకె పట్టణం నుంచి తెల్లవారుజామున బయలుదేరి రెండూ చూపించి రాత్రికి తిరిగి చేర్చే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. వాటిలో వెళ్తే రోజులో ఎక్కువ భాగం వ్యానులోనే గడిచిపోతుంది. ఈ శిలలకు సమయం కావాలి. కింద చెప్పేదంతా ఆ సమయాన్ని ఎలా సంపాదించాలన్నదే.

ముందుగా వీసా

భారత పాస్‌పోర్టు ఉన్నవారి దగ్గర అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని చెల్లుబాటయ్యే వీసా గానీ శాశ్వత నివాస కార్డు గానీ ఉంటే పర్యటన కోసం మెక్సికో వీసా వేరుగా తీసుకోనక్కర్లేదు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవారు ఒక విషయం గమనించాలి. ఉద్యోగ అనుమతి చెల్లుబాటులో ఉన్నా పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు తీరిపోతే ఈ సడలింపు వర్తించదు. అప్పుడు మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాల్సిందే. టికెట్లు కొనకముందే స్టాంపు మీది తేదీ చూసుకోండి.

రెండో పని భద్రత గురించి వాకబు చేయడం. 2023 నుంచి చియాపాస్ సరిహద్దు ప్రాంతాల్లో నేరముఠాల గొడవలు పెరిగాయి. కొన్నిసార్లు రోడ్లు దిగ్బంధమయ్యాయి, పురావస్తు స్థలాలు మూతపడ్డాయి. బయలుదేరే వారంలోనే మెక్సికో పురావస్తు సంస్థ ఇనా ప్రకటనలు చూడండి. పలెంకెలో దిగాక మీ హోటల్ వాళ్లను, వ్యాను డ్రైవర్లను ఇద్దరినీ అడగండి. వాళ్లు వద్దంటే మానేయండి. శిలలు పన్నెండు వందల ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాయి, మరో ఏడాది ఆగి చూడవచ్చు.

వెళ్లేముందు కథ తెలుసుకోండి

ప్రయాణ ఏర్పాట్ల కన్నా ఇదే ముఖ్యమని నా నమ్మకం. కథ తెలియకుండా వెళ్తే యాశ్చిలాన్‌లో కనిపించేవి ఈకల తలపాగాలు పెట్టుకున్న మనుషుల బొమ్మలే. తెలిసి వెళ్తే ఒక రాజు తన హక్కును రుజువు చేసుకోవడానికి పడిన తాపత్రయం గుమ్మం గుమ్మానా కనిపిస్తుంది.

681లో గద్దెనెక్కిన ఇత్సమ్నాహ్ బాలం అనే రాజు (మూడో వాడు, పరిశోధకులు 'డాలు జాగ్వార్' అని కూడా అంటారు) 742 దాకా బతికాడు. ఆయన పట్టమహిషి కబాల్ షోక్. ఆమె భవనానికి పరిశోధకులు ఇచ్చిన సంఖ్య 23. ఆ భవనపు గుమ్మాల మీద చెక్కించిన లింటల్ రాళ్లు మాయా శిల్పకళలోనే శిఖరాలు. 24వ లింటల్‌లో ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ముళ్లు గుచ్చిన తాడును తన నాలుక గుండా లాగుతూ రక్తార్పణ చేస్తుంటుంది. రాజు పక్కన నిలబడి కాగడా పట్టుకుంటాడు. తేదీ 709 అక్టోబరు.

అదే 709లో, రెండు నెలల ముందు, ఆ రాజుకు మరో భార్య వల్ల కొడుకు పుట్టాడు. ఆమె కలక్‌ముల్ అనే మరో మాయా నగరపు రాజవంశం ఆడపడుచు. ఆ పిల్లవాడే తర్వాత నాలుగో 'పక్షి జాగ్వార్'గా పేరుపడ్డాడు. తండ్రి పోయాక అతనికి వెంటనే గద్దె దక్కలేదు. 742 నుంచి 752 దాకా పదేళ్లు ఏం జరిగిందో శిలలు స్పష్టంగా చెప్పవు. గద్దెనెక్కాక మాత్రం అతను ఊరంతటినీ రాళ్లతో నింపాడు. తల్లితో, భార్యలతో, కొడుకుతో, బందీలతో, తండ్రితో కలిసి ఉన్నట్టు చెక్కించుకున్నాడు. 'ఇరవై మంది బందీల వాడు' అనే బిరుదును మళ్లీ మళ్లీ రాయించాడు. పట్టమహిషి కడుపున పుట్టనివాడు తన వంశాన్ని ఊరందరి కళ్ల ముందు నిరూపించుకుంటున్నాడన్నమాట. ఈ మాట మనసులో పెట్టుకుని చూస్తే ప్రతి రాయీ ఒక వాదనలా చదువుకోవచ్చు.

ఇదంతా మనకు తెలియడానికి కారణం తతియానా ప్రోస్కురియాకోఫ్ అనే మాయా పరిశోధకురాలు. అప్పటిదాకా ఈ బొమ్మలు దేవుళ్లవో పూజారులవో అనుకునేవారు. ఇదే నదికి దిగువన ఉన్న పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరపు శిలల మీది తేదీలు మనుషుల ఆయుష్షుతో సరిపోతున్నాయని ఆమె గమనించి 1960లో ప్రచురించారు. ఆ తర్వాత యాశ్చిలాన్ రాజుల చరిత్రను ఇలాగే విప్పారు.

ఇంకొక సంగతి ముందే తెలిస్తే అక్కడికి వెళ్లాక నిరాశ ఉండదు. 24, 25 లింటల్‌లు ఇప్పుడు యాశ్చిలాన్‌లో లేవు, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1882లో వచ్చిన బ్రిటిష్ అన్వేషకుడు ఆల్ఫ్రెడ్ మాడ్‌స్లే బరువు తగ్గించడానికి వెనుక రాతిని చెక్కించివేసి 24వ లింటల్‌ను తీసుకెళ్లాడు. మన అమరావతి స్తూపపు శిల్పాలు ఉన్నదీ ఆ మ్యూజియంలోనే. లండన్‌లో ఉన్న తెలుగువారు ఒకే మధ్యాహ్నం రెండూ చూడవచ్చు. 26వ లింటల్ మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉంది.

తేదీలు చదవడం నేర్చుకోండి

మాయా లిపి మొత్తం రావాలంటే ఏళ్లు పడుతుంది. అంకెలకు ఒక సాయంత్రం చాలు. చుక్క అంటే 1, గీత అంటే 5. మూడు గీతల మీద ఒక చుక్క ఉంటే 16. పెద్ద తేదీలో ఐదు స్థానాలు ఉంటాయి. పైనుంచి వరుసగా బక్తున్ (1,44,000 రోజులు), కతున్ (7,200), తున్ (360), వినాల్ (20), కిన్ (1). లెక్క మొదలయ్యేది క్రీస్తుపూర్వం 3114 ఆగస్టు నుంచి.

పక్షి జాగ్వార్ పట్టాభిషేకం తేదీ 9.16.1.0.0. 9ని 1,44,000తో, 16ని 7,200తో గుణించి దానికి 360 కలిపితే 14,11,560 రోజులు. అంటే 752 వసంతకాలం. కాగితం మీద ఒకసారి చేసి చూడండి. తర్వాత అడవిలో ఒక రాతి మీద గీతలు, చుక్కలు కనిపించినప్పుడు వేళ్లు వాటంతటవే లెక్క మొదలుపెడతాయి.

అక్షరాలను రెండేసి నిలువు వరుసల జంటగా చదవాలి. ముందు ఎడమది, దాని పక్కది, ఆ తర్వాత కింది జంట. బొమ్మల్లో గుర్తుపట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. జుట్టు పట్టి ఉన్నా, తాళ్లతో కట్టి ఉన్నా అది బందీ. బందీ పేరు తరచుగా అతని తొడ మీదే చెక్కి ఉంటుంది. రాజు చేతిలో, కాలు పాముగా మారిన చిన్న బొమ్మ ఉంటే అది కవీల్ దేవుడి దండం, అధికార చిహ్నం. స్త్రీ చేతుల్లో మూట ఉంటే అది పూజాద్రవ్యాల మూట.

హార్వర్డ్ పీబాడీ మ్యూజియం మాయా శాసనాల సంపుటాల పని 1968లో ఇయాన్ గ్రాహం మొదలుపెట్టారు. అందులో యాశ్చిలాన్ లింటల్‌ల గీతచిత్రాలు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. 33వ భవనానివీ, బొనాంపాక్‌వీ కాగితం మీద ముద్రించుకుని వెళ్లండి. అక్కడ ఫోను సిగ్నల్ మీద ఆధారపడలేం. పైగా అరిగిన రాతిని, గీతచిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తేనే కన్ను రేఖలను పట్టుకుంటుంది.

ఎప్పుడు, ఎలా చేరాలి

డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్క ఎక్కువ. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. నది పొంగుతుంది, సున్నపురాతి మెట్ల మీద పాచి పట్టి జారుతుంది.

విల్యాహెర్మోసాకు విమానంలో వెళ్లి అక్కడి నుంచి బస్సులో రెండు గంటల్లో పలెంకె చేరవచ్చు. యూకతాన్ వైపు నుంచి వచ్చేవారికి మాయా రైలు ఉంది. సాన్ క్రిస్టోబాల్ పట్టణం నుంచి కొండదారిలో రావడం నేను సలహా ఇవ్వను. పలెంకె నుంచి సరిహద్దు రహదారి 307 మీద, యాశ్చిలాన్ పడవలు బయలుదేరే ఫ్రోంతేరా కొరొసాల్ ఊరి దాకా రెండున్నర, మూడు గంటలు. షేర్ వ్యానులు తెల్లవారుజాము నుంచే నడుస్తాయి, మధ్యాహ్నం తర్వాత తగ్గిపోతాయి. చివరి వ్యాను ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి. దారిలో వలస అధికారుల తనిఖీలు ఉంటాయి, అసలు పాస్‌పోర్టే దగ్గర ఉంచుకోండి, జిరాక్సు చాలదు. రాత్రిపూట ఈ దారిలో ప్రయాణం వద్దు.

నగదు పలెంకెలోనే తీసుకోండి, అదీ చిన్న నోట్లలో. దారిలో చెల్లించాల్సినవి చాలా ఉంటాయి: ఊరి ప్రవేశ రుసుము, పురావస్తు స్థలం టికెట్టు, రక్షిత అడవి రుసుము (రెండు స్థలాలూ 1992 నుంచి రక్షిత ప్రాంతాలు), పడవ, బొనాంపాక్‌లో లకందోన్ల వాహనం. ఇన్నిచోట్ల డబ్బు ఎందుకని విసుక్కోకండి. ఆ డబ్బు ఆ అడవిలో బతుకుతున్న మనుషులకు చేరుతుంది.

నా సలహా ప్రకారం మొదటి మధ్యాహ్నం బొనాంపాక్ చూసి, రాత్రికి దగ్గరలోని లకన్‌హా ఊళ్లో లకందోన్ కుటుంబాలు నడిపే చెక్క గదుల్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే యాశ్చిలాన్ పడవ ఎక్కండి.

బొనాంపాక్: గోడలతో పాటు గుమ్మం పైకీ చూడండి

చివరి కొన్ని కిలోమీటర్లు లకందోన్ల వాహనంలోనే వెళ్లాలి. మైదానం మధ్యలో పైకప్పు కింద నిలబెట్టిన మొదటి స్టెలా, అంటే నిలువు శిల, ఎత్తు దాదాపు 6 మీటర్లు. దాని మీద ఉన్నది చాన్ మువాన్ అనే రాజు. ఆయన కాళ్ల కింద ఒక కొండ ముఖం ఉంది, అందులోంచి మొక్కజొన్న దేవుడు పుట్టుకొస్తుంటాడు. దీన్ని దూరం నుంచి ఒకసారి, మెడ ఎత్తి దగ్గరగా ఒకసారి చూడండి. మెట్ల మీద మరో రెండు స్టెలాలు ఉన్నాయి. రెండోదాంట్లో రాజు తన తల్లికీ భార్యకూ మధ్య నిలబడి ఉంటాడు. ఆ భార్య యాశ్చిలాన్ ఆడపడుచు. మర్నాడు మీరు వెళ్లబోయేది ఆమె పుట్టింటికే.

పైన మొదటి భవనంలో మూడు గదులు. వీటిలోని రంగుల చిత్రాలను బయటి ప్రపంచానికి 1946లో గైల్స్ హీలీ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు తెలియజేశాడు. ఆయనకు దారి చూపింది లకందోన్లు. మొదటి గదిలో వాద్యకారులు, రాజు అలంకరణ. రెండో గదిలో యుద్ధం, మెట్ల మీద వేళ్ల నుంచి రక్తం కారుతున్న బందీలు. మూడో గదిలో నాట్యం, రాణుల రక్తార్పణ. 790ల మొదట్లో గీసినవి. 1940లలో ఫొటోల కోసం రంగులు తేలేలా గోడల మీద కిరోసిన్ పూశారంటే, ఇవి ఎంత గండం దాటి మనదాకా వచ్చాయో ఊహించండి. లోపలికి ఒక్కోసారి కొద్దిమందినే పంపుతారు. ఫ్లాష్ వేయకండి, వీపుసంచి గోడకు తగలనివ్వకండి.

అయితే ఆ రంగుల ధ్యాసలో పడి గుమ్మం పైకి ఎవరూ చూడరు. ఆ మూడు గుమ్మాల లింటల్‌లు చెక్కినచోటే ఇప్పటికీ ఉన్నాయి. మూడింటిలోనూ ఒక యోధుడు బందీని పట్టుకుంటుంటాడు. మొదటిదాంట్లో చాన్ మువాన్, నడిమిదాంట్లో పక్షి జాగ్వార్ కొడుకైన యాశ్చిలాన్ రాజు. ఈ ఇద్దరి దాడుల మధ్య తేడా నాలుగు రోజులే, 787లో. బావమరిది సాయం గుమ్మం మీద రాతిలో నిలిచి ఉందన్నమాట (ఇద్దరూ బావాబావమరుదులని చాలామంది పరిశోధకుల అభిప్రాయం). గదిలోకి అడుగుపెట్టేముందు ప్రతి గుమ్మం కింద ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూడండి.

యాశ్చిలాన్: పడవ బేరంలోనే సమయం బేరం

ఉదయం తెరిచే వేళకు కొరొసాల్ రేవులో ఉండండి. ఇక్కడి పొడవాటి మోటారు పడవలను లాంచా అంటారు. ధర మనిషికి కాదు, పడవకు. అందుకే మరో ఇద్దరు ముగ్గురు ప్రయాణికులతో కలవండి. ప్రవాహంతో పాటు వెళ్లేటప్పుడు నలభై నిమిషాల నుంచి గంట, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ. ధర మాట్లాడేటప్పుడే ఇంకో మాట కూడా తేల్చుకోండి: పడవవాడు అక్కడ ఎంతసేపు ఆగుతాడు? మామూలుగా రెండు గంటలంటారు. నాలుగు గంటలు కావాలనండి, దానికి అదనంగా ఇస్తాననండి. కలిసే ప్రయాణికులు కూడా అందుకు ఒప్పుకునేవారై ఉండాలి. ఈ ప్రయాణం మొత్తంలో అతి విలువైన ఖర్చు ఇదే.

గట్టు ఎక్కాక 'లబరింతో' అని పిలిచే 19వ భవనం గుండా లోపలికి వెళ్లాలి. చీకటి, గబ్బిలాలు, వంకర మలుపులు. టార్చిలైటు తప్పనిసరి, కాళ్ల కింద చూసుకుని నడవండి. బయటికి రాగానే పెద్ద మైదానం. ఈలోగా సింహగర్జన లాంటిది వినబడితే భయపడకండి, అవి అరుపు కోతులు.

మైదానంలో పైకప్పు కింద ఉన్న మొదటి స్టెలా ముందు ఆగండి. 761లో ఒక కాలఖండం ముగిసిన సందర్భంగా పక్షి జాగ్వార్ చేతుల్లోంచి ఏదో ధారగా వదులుతున్నాడు. అది అతని రక్తమో, సాంబ్రాణి గింజలో. 20, 21, 23 సంఖ్యల భవనాలు మైదానం పక్కనే ఉన్నాయి. 23 కబాల్ షోక్ ఇల్లు. 21వ భవనంలో 1983లో దొరికిన 35వ స్టెలా పక్షి జాగ్వార్ తల్లిది. ఆమె కూడా నాలుక గుండా తాడు లాగుతూ కనిపిస్తుంది. పట్టమహిషికి తన తల్లి ఏ మాత్రం తక్కువ కాదని కొడుకు చెప్పుకున్న మాట ఇది. ఈ రెండు ఇళ్ల మధ్య నడుస్తుంటే నాకు ఎప్పుడూ ఆ ఇద్దరు స్త్రీలే గుర్తొస్తారు.

అక్కడి నుంచి నిటారు మెట్లు ఎక్కితే 33వ భవనం. నిదానంగా ఎక్కండి, నీళ్లు తాగుతూ ఎక్కండి. ముందు గుమ్మాల దిగువనున్న చెక్కిన మెట్టు చూడండి: పదమూడు రాళ్లు. నడిమి రాతిలో రాజు బంతాట ఆడుతున్నాడు, మెట్ల మీదుగా దొర్లివస్తున్న బంతిలో ఒక బందీ ముడుచుకుని ఉన్నాడు. తర్వాత మూడు లింటల్‌లు. మొదటిది 752 పట్టాభిషేకం, పక్కన భార్య మూటతో. రెండోదాంట్లో కొడుకు చెల్ తె.

లింటల్ అడుగుభాగాన చెక్కడం ఉంటుంది కాబట్టి మెడ నొప్పి తప్పదు. ఫోను సెల్ఫీ కెమెరాను పైకి చూసేలా నేల మీద పెట్టి టైమరుతో ఫొటో తీయండి, చక్కగా వస్తుంది. ఎదురుగా పడే వెలుగులో ఉబ్బెత్తు చెక్కడం చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి ఏటవాలుగా పడితేనే రేఖలు లేస్తాయి. కాపలాదారుని అడిగి, ఒప్పుకుంటే, టార్చిని ఒక పక్క నుంచి పట్టుకోండి. తాకడం, కాగితం పెట్టి రుద్దడం, సుద్దతో గీయడం అసలు వద్దు. ట్రైపాడ్, డ్రోన్‌లకు ముందస్తు అనుమతి కావాలి.

లోపల తల లేని రాజు విగ్రహం కూర్చుని ఉంది, తల వేరే ఉంది. ఆ తల మళ్లీ మొండేన్ని చేరిన రోజు లోకం అంతమవుతుందని లకందోన్ల నమ్మకం. వాళ్లు తరతరాలుగా ఇక్కడ ధూపం వేసినవారు. ఎవరైనా ప్రార్థిస్తూ కనిపిస్తే కెమెరా దించి పక్కకు జరగండి.

ఓపిక ఉంటే వెనుక దారిన ఇంకా పైకి, దక్షిణపు గుట్ట మీది 39 నుంచి 41 వరకు ఉన్న భవనాలకు వెళ్లండి. లేకపోతే చిన్న అక్రోపోలిస్ (గుట్ట మీది కట్టడాల గుంపు) మీదుగా రేవుకు దిగండి.

తిండి, ఒళ్లు

పొడవు చేతుల చొక్కా, దోమల మందు, పట్టున్న బూట్లు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. విషసర్పాలు ఉన్న అడవి, బాట విడిచి వెళ్లకండి. శాకాహారులు 'సిన్ కార్నె, సిన్ మాంతేకా' (మాంసం వద్దు, పందికొవ్వు వద్దు) అని చెప్పాలి. ఉడికించిన చిక్కుడు గింజల్లో కూడా కొవ్వు వేస్తారు. అన్నం, తోర్తియా (మొక్కజొన్న రొట్టె), అరటికాయ వేపుడు ఎక్కడైనా దొరుకుతాయి. పల్లీలు, అటుకుల చుడువా వెంట ఉంటే పడవ తిరిగివచ్చేదాకా చింత ఉండదు.

కొరొసాల్‌కు తిరిగి చేరాక వ్యానుకు సమయం ఉంటే అక్కడి చిన్న మ్యూజియంలో డోస్ కావోబాస్ అనే మరో మాయా స్థలం నుంచి తెచ్చిన స్టెలాలు చూడండి. మెక్సికో నగరం మీదుగా తిరిగి వెళ్లేవారు ఒక పూట మానవశాస్త్ర మ్యూజియానికి ఉంచుకోండి, సోమవారం సెలవు. మాయా గదిలో 26వ లింటల్ దగ్గర రాణి రాజుకు జాగ్వార్ తల శిరస్త్రాణం అందిస్తుంటుంది. అది ఏ గుమ్మం మీద ఉండేదో అప్పటికి మీకు తెలిసి ఉంటుంది.